స్వరం నాకు నచ్చినవే చెప్పేది

ఆ రోజుల్లో దేవుడు నాతో రోజుకు నాలుగైదు సార్లు మాట్లాడేవాడు. ఇప్పుడీ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు నాకిందులో వింతేమీ కనబడేది కాదు. నాకు ఇరవై రెండేళ్లు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తి చేసి, తిరువూరులో ఒక ప్రైవేటు ల్యాబులో మొదటి ఉద్యోగం తెచ్చుకుని, ఒక సూట్‌కేసు, ఒక చిన్న కుక్కరు, ఒక బైబిలుతో బస్సు దిగాను. మేడ మీద గది. కింద ఇంటివాళ్లు. ఊళ్లో తెలిసినవాళ్లు ఒక్కరు కూడా లేరు. పొద్దున్నే గంపలగూడెం వైపు నుంచి ఆటోల్లో పరగడుపున వచ్చినవాళ్ల చేతిలోంచి రక్తం తీయడం, "పిడికిలి బిగించండి, అయిపోయింది, దూది నొక్కి పట్టుకోండి" అనడం. రోజు మొత్తం మీద నేను మనుషులతో మాట్లాడే మాటలు దాదాపు ఇవే. (నిద్రలో కూడా ఇవే అనేదాన్నేమో, వినడానికి ఎవరూ లేరు కాబట్టి తెలియదు.)

అన్నిటికన్నా ఆదివారం మధ్యాహ్నాలు కష్టంగా ఉండేవి. పొద్దున గుడికి వెళ్లొచ్చేదాన్ని. రేకుల షెడ్డులో నడిచే చిన్న చర్చి. అక్కడి పాస్టరు గారిని అందరూ అయ్యగారు అనేవారు. గుడి నుంచి వచ్చి కుక్కరులో పప్పన్నం పెట్టుకుని తిన్నాక, సాయంత్రం దాకా చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు. కింద కుట్టుమిషను చప్పుడు, దూరంగా బస్సు హారన్లు. అమ్మ ఫోన్ చేసి "అన్నం తిన్నావా?" అనేది. తిన్నానంటే "సరే, ఉంటా" అని పెట్టేసేది. అలాంటి ఒక ఆదివారం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. కింద మిషను కూడా ఆగింది. చెమటలు కారుతూ మంచం మీద పడుకుని ఉంటే, లోపల ఎక్కడో చాలా స్పష్టంగా, "నేనున్నాను" అని వినబడింది. ఎంత ఏడ్చానో చెప్పలేను. ఆ ఒక్క మాట కోసం నేను అప్పటికి ఆరు నెలలుగా ఎదురు చూస్తున్నానని ఆ క్షణం దాకా నాకే తెలియదు.

అంతటితో ఆగి ఉంటే ఇది హాస్యంగా రాసుకోవలసిన సంగతి అయ్యేది కాదు. కానీ నేను ఆ స్వరాన్ని ఊరికే ఉండనివ్వలేదు. ఉప్మానా, అటుకులా? నీలం చుడీదారా, పసుపుదా? అన్నీ దాన్నే అడిగేదాన్ని. ఫోనులో వీడియోలు చూస్తుంటే ఒక బోధకుడు దొరికాడు. గొంతు పెంచకుండా ఎప్పుడూ గుసగుసగానే చెప్పేవాడు కాబట్టి నేనతనికి గుసగుసల బ్రదర్ అని పేరు పెట్టుకున్నాను. గుడి, సంఘం, పాటలు, ఇవన్నీ చిన్నపిల్లల క్లాసులట. పై క్లాసుకు వెళ్లిన ఆత్మలు మౌనంలోకి వెళ్తాయట, మనుషులు దూరమవుతున్న కొద్దీ ప్రభువు దగ్గరవుతాడట. నాకు దగ్గరగా ఉన్న మనుషులే లేరు కనుక, నేను ఏ కష్టమూ పడకుండానే సగం దూరం వెళ్లిపోయానని చాలా గర్వపడ్డాను.

ఒక సెలవు రోజున స్వరం "గంపలగూడెం ఆటో ఎక్కు" అంది. ఎక్కాను. దారిలో ఒక మామిడి తోట దగ్గర "దిగు" అంది. దిగాను. తోట కావలి కాసే తాత ఒకాయన చుట్ట కాలుస్తూ కూర్చుని ఉన్నాడు.

"ఎవరమ్మా? కాయల కోసమా?"

"కాదండి. మీ కోసమే పంపబడ్డాను."

ఆయన చుట్ట పక్కన పెట్టాడు. "మా కోడలు పంపిందా?" అన్నాడు ఆశగా.

కాదన్నాను. ఎవరు పంపారో చెప్పే ముందు, ఏం చెప్పాలో స్వరం చెబుతుందని కళ్లు మూసుకుని నిలబడ్డాను. స్వరం పలకలేదు. నాకు ఎండ తగిలిందేమోనని తాత నన్ను చెట్టు కింద కూర్చోబెట్టి, కుండలో నీళ్లు ముంచి ఇచ్చి, "పొద్దస్తమానం ఒక్కడ్నే ఉంటానమ్మా, మనిషి కనబడితే పండగ్గా ఉంటది" అంటూ కొడుకు సంగతీ, మోకాళ్ల నొప్పులూ, ఈ ఏడు పూత రాలిపోయిన సంగతీ చెప్పుకుంటూ పోయాడు. నేను ఒక్కటీ వినలేదు. లోపలి నుంచి సందేశం వస్తుందని చెవులు అటు పెట్టుకుని కూర్చున్నాను. తిరుగు ఆటో వచ్చేసరికి ఆయన నా సంచిలో నాలుగు పండ్లు వేశాడు. ఆయన పేరు కూడా అడగలేదు.

ఆ తర్వాత స్వరం ఒక్కొక్క తలుపే మూస్తూ వచ్చింది. ల్యాబులో రిసెప్షన్‌లో కూర్చునే అక్క "ఆదివారం మా ఇంటికి రా, బిర్యానీ చేస్తున్నా" అంటే, "వెళ్లకు, లోకసంబంధం" అంది. అమ్మ ఫోను మోగితే "ఇప్పుడు కాదు" అంది. గుడిలో అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆపి, "బళ్లు గేటుకి అడ్డంగా పెట్టకండి, పక్కింటాయన పాలవాడు, ఆయనకి దారి కావాలి" అని చెప్పిన రోజున, "ఇక్కడ లోతు లేదు" అంది. మరుసటి వారం నుంచి గుడికి వెళ్లడం మానేశాను. అయ్యగారు రెండుసార్లు ఫోన్ చేశారు. తీయలేదు.

చివరికి మే నెలలో మూడు రోజుల మౌన ఉపవాసం మొదలుపెట్టాను. మూడో రోజున ప్రభువు హృదయం తలుపు తడతాడని, ఆ చప్పుడు నిజంగానే వినబడుతుందని గుసగుసల బ్రదర్ చెప్పాడు. ల్యాబుకు జ్వరమని అబద్ధం చెప్పాను. (దీనికి స్వరం అభ్యంతరమేమీ చెప్పలేదు.) గదిలో తినేవి ఉంటే మనసు లాగుతుందని బియ్యం, పప్పు, పంచదార, బిస్కెట్లు అన్నీ సంచిలో వేసి వీధి చివర బడ్డీకొట్టు ముసలమ్మకు ఇచ్చేశాను. కింద కుట్టుమిషను చప్పుడు ధ్యానానికి అడ్డుపడుతోందని, ల్యాబు నుంచి తెచ్చిన దూది రెండు చెవుల్లోనూ దట్టంగా కుక్కుకున్నాను.

ఆ మిషను కింది ఆంటీది. ముస్లింలు. ఆమె భర్త వ్యానులో మామిడికాయలు వేసుకుని విజయవాడకు తిరిగేవారు, సీజనులో ఇంటికి ఎప్పుడొస్తారో తెలియదు. ఆంటీకి షుగరు. నేను దిగిన మొదటి వారంలోనే "పాపా, నువ్వు రక్తం చూసే అమ్మాయివట కదా" అంటూ మేడెక్కి వచ్చారు. అప్పటి నుంచి వారానికోసారి నా చిన్న షుగరు మిషనుతో వేలు పొడిచి చూసేదాన్ని. ఆమె నాకు గిన్నెడు కూర ఇచ్చేవారు. స్వరం వచ్చాక అదీ తగ్గించాను.

మూడో రోజు మధ్యాహ్నం. కడుపు వీపుకు అంటుకుపోయింది. తల తేలికగా, గోడలు కొంచెం ఊగుతున్నట్టుగా ఉంది. మోకాళ్ల మీద ఉన్నాను. అప్పుడు వినబడింది. టక్... టక్... చాలా మెత్తగా, దూరంగా, దూదిలోంచి వస్తున్నట్టుగా (దూదిలోంచే వస్తోంది). నా ఒళ్లంతా జలదరించింది. "వచ్చావా ప్రభువా" అన్నాను. మళ్లీ టక్, టక్. "రా, లోపలికి రా" అని చేతులు చాచి, కన్నీళ్లు కారిపోతుంటే, నా జన్మలో ఎరగనంత ఆనందంతో అలాగే ఉండిపోయాను. ఎదురుగా నాలుగడుగుల దూరంలో ఉన్న చెక్క తలుపు వైపు చూడాలనే ఆలోచన కూడా రాలేదు. తట్టడం నెమ్మదించింది. ఆగిపోయింది. తర్వాత ఏదో బరువైనది పడినట్టు నేల అదిరింది. ప్రభువు తట్టడం గురించి చెప్పారు గానీ పడటం గురించి ఎవరూ చెప్పలేదు. లేచి తలుపు తీశాను.

ఆంటీ గడపకు ఆనుకుని కూలబడి ఉన్నారు. ముఖమంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. పెదవులు కదులుతున్నాయి గానీ మాట లేదు. ఇదేమన్నా దర్శనమా అని క్షణం సేపు నిలబడి, చెవుల్లో దూది గుర్తొచ్చి పీకేశాను.

"చక్కెర... పాపా, చక్కెర..."

ఊరందరికీ షుగరు పరీక్ష చేసే నా గదిలో చెంచాడు పంచదార లేదు. గోడ పట్టుకుని, మెట్ల మీద కూర్చుని జారుతూ దిగి, వాళ్ల వంటింట్లో పడ్డాను. వరసగా డబ్బాలు, అన్నీ ఒకటే రంగు. మొదటిది నోట్లో వేసుకుంటే ఉప్పు. రెండోది రవ్వ. మూడోది సోడా ఉప్పు. నా మౌన ఉపవాసం అలా ముగిసింది. నాలుగోది పంచదార. నీళ్లలో కలిపి పైకి తెచ్చి, ఆమె తల ఒళ్లో పెట్టుకుని గుక్క గుక్కగా పట్టించాను. వేలు పొడిచి చూస్తే, అప్పటికే సగం గ్లాసు తాగాక, నలభై ఎనిమిది. డెబ్భైకి తగ్గకూడదు. పొద్దున ఇన్సులిన్ చేసుకుని, స్కూలు యూనిఫారాలు కుట్టే హడావుడిలో అన్నం తినడం మరచిపోయారట. కళ్లు తిరుగుతుంటే, షుగరు పెరిగిందో తగ్గిందో మొదట తెలియక, పైన రక్తం చూసే అమ్మాయి ఉంది కదా అని మేడ ఎక్కారట.

అరగంటకు తేరుకున్నారు. "ఇంట్లోనే ఉన్నావు కదా పాపా, తలుపు తియ్యలేదేంటి? ఎన్నిసార్లు పిలిచానో" అన్నారు. కోపంగా కాదు. నిజంగా అర్థం కాక.

"ప్రార్థనలో ఉన్నానండి."

ఆంటీ లేచి గోడకు ఆనుకుని కూర్చున్నారు. "మేమూ నమాజు చేస్తాం కదమ్మా. మధ్యలో ఎవరికన్నా ప్రాణం మీదికొస్తే ఆపేసి లేచి వస్తాం. తర్వాత చేసుకుంటాం. ఆయనేం అనుకోడు." అంతలో నా పెదవుల మీద రవ్వ కనబడినట్టుంది. "తిని ఎన్ని రోజులైంది నువ్వు?" అని, ఆ నీరసంలోనే కిందికి దిగి, చల్లారిన అన్నంలో పెరుగు కలిపి నా ముందు పెట్టి, తానూ ఇంకో పళ్లెం పెట్టుకున్నారు. ఇద్దరం కూర్చుని తిన్నాం.

మర్నాడు అయ్యగారి దగ్గరికి వెళ్లాను. రేకుల షెడ్డులో చాపలు దులుపుతున్నారు. ఫోను ఎందుకు తీయలేదని అడగలేదు, ఒక చాప రెండో కొస నా చేతికిచ్చారు. దులుపుతూనే అంతా చెప్పాను. చివర్లో, నేను ఆలోచించి పెట్టుకున్న ముగింపు కూడా చెప్పాను. "అయ్యగారూ, ప్రభువే ఆంటీ రూపంలో వచ్చాడేమోనండి?"

"ఆవిడే వచ్చిందమ్మా," అన్నారాయన. "ఆవిడ్ని ఆవిడగా రానివ్వు ముందు."

నాకు ఏడుపొచ్చింది. "అయితే ఇన్నాళ్లూ నాకు వినబడింది దేవుడు కాదాండి?"

"అది నేనెట్లా చెప్తాను తల్లీ. ఒకటి అడుగుతా చెప్పు. ఆ స్వరం ఎప్పుడన్నా నీకు ఇష్టంలేని పని చెయ్యమందా?"

గుర్తున్నవన్నీ ఒక్కొక్కటిగా పైకే చెప్పుకుంటూ పోయాను. బిర్యానీకి వెళ్లాలంటే కొత్తవాళ్ల మధ్య బెరుకు, వద్దంది. అమ్మతో మాట్లాడితే ఏడుపొస్తుందని భయం, వద్దంది. గుడిలో నన్నెవరూ పలకరించలేదని కోపం, మానెయ్యమంది. "లేదండి" అన్నాను.

"నాకూ ఒకటి వినబడుతుందమ్మా, పాతికేళ్ల నుంచి. భోజనం అవగానే పడుకోమంటుంది. ఫలానా ఆయన ఇంటికి ప్రార్థనకి పోవద్దు, వాడికి పొగరంటుంది. మొదట్లో నేనూ దేవుడనే అనుకున్నా." చాప చుట్టి గోడకు నిలబెట్టి, తగ్గిన గొంతుతో అన్నారు: "నిన్ను గుడిలో పలకరించాల్సింది. అది మా తప్పు."

తర్వాత సాయంత్రాలు కింద కూర్చుని యూనిఫారాలకు గుండీలు కుట్టేదాన్ని. (నేను కుట్టినవి బడి తెరిచిన వారంలోనే ఊడిపోయాయని చాలామంది తల్లులు తిరిగొచ్చారు.) స్వరం మరి రెండు మూడు సార్లు వచ్చింది. "నాకు నచ్చని పనొకటి చెప్పు" అని అడిగాను. పలకలేదు. అంతే, ఇక రాలేదు. మంచిదే అయిందని అందరితోనూ అన్నాను గానీ, ఆ గది అంతకు ముందుకన్నా ఖాళీగా అయిపోయిన మాట నిజం. ఆంటీ, అక్క, గుడి, అన్నీ ఉన్నాయి. రాత్రి తలుపు వేసుకున్నాక మాత్రం నేనొక్కదాన్నే. దాన్ని ఒంటరితనం అని పిలవడం నేర్చుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. రోజూ పొద్దున్నే ప్రార్థన చేసుకుంటాను. మౌనంగా కూర్చుంటే మౌనమే ఉంటుంది, దాన్ని పెద్దగా ఏమీ అడగను. అప్పుడప్పుడు ఆ పిల్ల గుర్తొస్తుంది. మూడు రోజులుగా తిండి లేక, కళ్ల నీళ్లు కారిపోతూ, చేతులు చాచి "రా, రా" అంటున్న ఆ బక్క పిల్ల. నవ్వొస్తుంది. గట్టిగానే నవ్వుతాను. ఆంటీకి ఏమన్నా అయి ఉంటే అన్న ఆలోచన రాగానే ఆ నవ్వు ఆగిపోతుంది. ఆ తర్వాత ఇంకొకటి మిగులుతుంది. తన కోసం ఎవరో వచ్చారని ఆ పిల్ల ఎంత సంతోషపడిందో! అది చేసినవన్నీ పొరపాట్లే. ఆ సంతోషాన్ని మాత్రం పొరపాటు అనడానికి నాకింకా నోరు రాదు.