బాపు వెయ్యని ఒట్టు

మా చిన్నప్పుడు మా ఇంట్లో ఒట్టు అనే మాట వినపడకూడదు... పలక పగలగొట్టింది నువ్వేనా అని అమ్మ అడిగితే అవును అనాలి, లేదా కాదు అనాలి. "ఒట్టు, నేను కాదు" అన్నామా, చెక్క నునుపు చేస్తున్న బాపు రందా ఆపి తల ఎత్తి చూసేవాడు. అంతే, నోరు మూతపడేది.

మా బాపు దానియేలు ఇబ్రహీంపట్నంలో వడ్రంగి. మిషన్ బడిలో నేర్చుకున్న పని. మాది మెన్నోనైట్ క్రైస్తవ సంఘం. ఎవరి మీదా చెయ్యి ఎత్తకూడదు, ఒట్టు పెట్టకూడదు... కోర్టు కచ్చేరీలోనైనా సరే. ఆదివారం రంపం ముట్టకూడదు. బాపుకు ఇవన్నీ పొద్దున లేచి ముఖం కడుక్కున్నంత మామూలు.

ఇక్కడ నేను కళ్లారా చూసిందే రాస్తున్నాను. ఊహించి కలిపింది ఏమీ లేదు.

ఒక ఏడాది మా ఊరి పటేలు కొత్త ఇల్లు కట్టిస్తూ దర్వాజలు, తలుపులు బాపుకు అప్పజెప్పాడు. టేకు చెక్కలన్నీ మా పందిరి కిందే ఉండేవి... ఇల్లంతా టేకు వాసన. ఒక పొద్దున లేచి చూస్తే, పెద్ద దర్వాజ కోసం ఏరి పక్కన పెట్టిన మంచి చెక్కలు లేవు. ఎవరు తీశారో ఈనాటికీ తెలియదు.

బాపు తానే పోయి పటేలుకు చెప్పాడు. చెక్కలు పోయాయని చెప్పినవాడే అమ్ముకుని ఉంటాడని ఊరు అనడానికి పొద్దు గూకే దాకా కూడా పట్టలేదు.

పటేలు ఇంటి అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. పటేలు చెడ్డవాడు కాదు, ఆ మాట కూడా రాయాలి. తేలిగ్గా తేల్చేద్దామనే చూశాడు. బాపు తన బైబిలు మీద చెయ్యి వేసి ఒట్టు పెడితే చాలు, చెక్కల ఊసు ఇక ఎత్తనన్నాడు. బైబిలు తెమ్మని నన్ను పంపారు. ఎంత సంతోషంగా ఉరికానో... దాన్ని రొమ్ముకు హత్తుకుని తెచ్చాను. ఇక అయిపోయిందనుకున్నాను.

బాపు దాన్ని నా చేతుల్లోంచి తీసుకుని చంకలో పెట్టుకున్నాడు.

"నేను తీయలే పటేలా. గంతే నా మాట. ఒట్టు మాత్రం వెయ్య."

"తీయకుంటె, ఒట్టేస్తే నీదేం పోతది దానేలూ?"

"మా దాంట్ల లేదు."

వెనక ఎవరో నవ్వారు. "దేవుడంటె భయం ఉన్నట్టే ఉంది తియ్. గందుకే వేస్తలేడు."

ఆ రోజుతో పని ఆగిపోయింది. కాలు విరిగిన పీట కూడా మా వాకిట్లోకి రాలేదు. ఇంట్లో జొన్న గటక రోజురోజుకూ పలచబడింది. బడిలో నేను చెక్కల దొంగ బిడ్డనయ్యాను. మహేశ్వరంలో మా మామ దగ్గరికి పోదామని అమ్మ పోరు పెట్టింది. పోతే, చెక్కల సొమ్ము తిన్నాడు కాబట్టే పారిపోయాడంటారని బాపు కదలలేదు. ఒట్టు వెయ్యడు, ఊరు విడవడు, చేతిలో పని లేదు... పొద్దున్నే ఉలులకు, రంపాలకు నూనె రాసి మళ్లీ పెట్టెలో సర్ది మూత వేసేవాడు. మేమంతా ఆ పెట్టెలోనే ఉన్నట్టుండేది.

ఒకరోజు నేను ఆగలేకపోయాను. "నువ్వు వెయ్యకు బాపూ. నేనేస్త. మా బాపు తీయలేదని అరుగు మీద నిలబడి ఒట్టేసి చెప్త."

బాపు నూనె గుడ్డ పక్కన పెట్టాడు.

"ఇయ్యాల ఒట్టేసి చెప్పింది నిజమనుకుంటరు బిడ్డా... మరి రేపు ఒట్టు లేకుంట చెప్పిన మాటను ఏమనుకుంటరు?"

నాకు కోపం వచ్చింది. ఒక్క మాటతో తెరుచుకునే తలుపును, తలుపులు చేసే మనిషే మూసిపెట్టుకుని కూర్చున్నాడని... అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

వానలు మొదలయ్యాక, పెద్ద చెరువులో చేపలు పట్టే ముత్యాలు తుమ్మ మొద్దు ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. తలుపు చెయ్యాలట. మా ఇంటికి వస్తే ఊరు నిన్నూ అంటుంది కదా అని అమ్మే అడిగింది. ముత్యాలు మొద్దు దించి చెమట తుడుచుకున్నాడు.

"ఒట్టేసి అబద్ధమాడినోళ్లను మస్తుమందిని చూసిన వదినా. ఒక్క మాట అంటె ఒడ్సిపోయేదానికి ఈయన ఇంత గోస పడుతుండు. గిట్లాంటి మనిషి చెక్కలకు ఆశ పడ్తడా?"

బాపు పెట్టె మూత తీశాడు.

ముత్యాలు మాట చేపల గంపతో పాటు ఇంటింటికీ తిరిగింది. ముందు ఒక నాగలి వచ్చింది, తర్వాత ఒక మంచం కోడు... మెల్లగా పని వచ్చింది. పటేలు తలుపులు మాత్రం వేరేవాళ్లు చేశారు. అన్న మాటను ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

బాపు తొంభై దాటి బతికాడు. మమ్మల్నందరినీ చదివించాడు, సంఘంలో పెద్ద అయ్యాడు. తుర్కయాంజాల్ దాకా ఎన్ని దర్వాజలు నిలబెట్టాడో. కానీ ఆ తర్వాత ఏనాడూ ఎవరి కలపా మా పందిరి కిందికి తేలేదు. ఎండైనా వానైనా వాళ్ల వాకిట్లోనే కోసి, మిగిలిన తునకలు కూడా వాళ్ల కళ్ల ముందే అప్పజెప్పి వచ్చేవాడు. చేతులు వణికే వయసులో కూడా అంతే... బాపు ఆ అరుగు మీద నుంచి ఎప్పుడూ దిగి రాలేదేమో అనిపిస్తుంది నాకు.

పటేలు ఇల్లు ఇప్పుడు లేదు. ఆ చోట ప్లాట్లు చేశారు. మొన్న మా మనవరాలు "ఒట్టు అవ్వా, ఫోన్ ముట్టలే" అంది. నేను తల ఎత్తి చూశాను. బాపు చూపు నాకు అబ్బలేదు కాబోలు... ఇంకో ఒట్టు పెట్టింది.

ఇప్పుడు దేనికైనా సంతకం కావాలి, సాక్షి కావాలి, ఓటీపీ కావాలి... ఉత్త మాట ఎక్కడా చెల్లడం లేదు. మీ ఇళ్లలోనూ ఇలా ఒక్క మాట పట్టుకుని కూర్చుని, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టిన పెద్దవాళ్లు ఉంటే రాయండి. ఒట్టు పెట్టనక్కర్లేదు... మీరు చెబితే నమ్ముతాను.