అంగడి ధర

1998 నవంబరు 9, సోమవారం, ఉదయం పదీ నలభైకి శంషాబాదులో నా పిండి గిర్ని ముందు కొత్త స్కూటరు ఒకటి ఆగింది. దిగినవాడు నా గిర్ని ఉన్న మడిగెకు, అంటే ఆ కొట్టుగదికి, యజమాని. నాకంటే పదేళ్లు చిన్న. అప్పటిదాకా ప్రతి నెలా నడిచి వచ్చి నాలుగు వందల కిరాయి తీసుకుపోయేవాడు.

"అక్కా, ఇగ కిరాయి రెండు వేలు."

"ఏమైంది తమ్మీ, మడిగెకు వెండి రేకులేసినవా?"

"విమానాలు దిగుతయంట ఈడ. పేపర్ల పడ్డది."

"దిగినోళ్లు నా దగ్గర జొన్నలు పట్టించుకుంటరా?"

వాడు నవ్వలేదు. ఆ ఏడాది మా ఊళ్లో విమానం మాట వస్తే ఎవరూ నవ్వేవారు కాదు. కోళ్ల గూడు ఉన్నవాడు కూడా అది ఎన్ని గజాలో చెప్పేవాడు.

మూడేళ్ల కింద తిరగరాసుకున్న కిరాయినామా తీశాం. మూడేళ్లు నిండగానే కిరాయి 'అంగడి ధర ప్రకారం' సవరించుకోవాలని ఉంది. రాసినాయన కోస్తావాడు. మార్కెట్ రేటు అంటే తన తెలుగుకు మైల అంటుతుందనుకున్నాడేమో. మాకు అంగడి అంటే ఒకటే, వారానికోసారి రోడ్డు పక్కన కూరగాయల గంపలు దిగే చోటు.

పంచాయితీ ఊళ్లో ఒకప్పటి పట్వారీ దగ్గరికి పోయింది. ఆయన కాగితం రెండుసార్లు చదివి, "అంగడిల జాగకు ఎంతనో గంతే," అన్నాడు. గంప పెట్టుకునే జాగకు రోజుకు రెండు రూపాయలు. నా మడిగెలో ఎనిమిది గంపలు పడతాయని అడుగులేసి తేల్చాడు. రోజుకు పదహారు, నెలకు నాలుగు వందల ఎనభై.

యజమాని స్కూటరు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "సరే బాపు, నీ మాట కాదనను," అన్నాడు చివరికి.

అప్పుడు నేను నోరు మూసుకుని లేచి రావలసింది. మోటారు ఆ మడిగెలో సిమెంటు దిమ్మెకు బిగించి ఉంది. త్రీఫేజు కరెంటు ఆ మడిగె పేరనే ఉంది. కదిలితే గిర్ని లేనట్టే. కానీ లెక్క తప్పితే నాకు అన్నం సహించదు.

"అంగడి రోజూ కూసుంటదా బాపు? నెలకు నాలుగు మాట్లే. నాలుగు పదహార్లు అరవై నాలుగు."

పట్వారీ దగ్గాడు. "అమ్మా, జర ఊకో."

"కాగితంల ఉన్నదే అంటున్న. ఇప్పటిదాకా ఎక్కువిచ్చింది వాపస్ అడుగుతలేను గద."

యజమాని లేచాడు. "అరవై నాలుగిచ్చి అంగడిలనే పెట్టుకో అక్కా గిర్ని. వంకాయల పక్కన." ఈసారి నవ్వింది వాడే. మడిగె ఖాళీ చెయ్యడానికి నెల గడువిచ్చాడు.

డిసెంబరు 12, శనివారం ఖాళీ చేశాను. రెండు వేలిచ్చేవాడు దొరక్క వాడు రెండేళ్లు మడిగెకు తాళమేసుకున్నాడు. విమానాలు దిగడానికి తొమ్మిదేళ్ల పైనే పట్టింది. నా లెక్క ఇప్పటికీ తప్పు కాదు.

పోయినవి: మోటారు ఒకటి, పాత ఇనుము కింద. తిరగలి రాళ్లు రెండు, దించేటప్పుడు పగిలాయి. త్రీఫేజు కనెక్షను. నలభై ఒక్క ఇళ్ల పిండి. పదకొండేళ్లు నడిచిన గిర్ని.