ముప్పయ్యేడు పట్టాలు, అరవై ఒక్క మంది

పోయినవి ముందు చెబుతాను. నరసరావుపేట బస్టాండు దగ్గర రోడ్డు పక్కన పరిచే ముప్పయ్యేడు గోనెపట్టాలు, రెండు టీ బళ్ళు, చెప్పులు కుట్టే మనిషి గొడుగు, నా పరిశోధనలో సగం. రోడ్డు వెడల్పు చేసేవాళ్ళకు ఒక్క పొద్దున సరిపోయింది.

నేను ఇక్కడి కాలేజీలో పాఠాలు చెబుతాను. మన ఊళ్ళ రోడ్డు పక్క బేరాలనూ, ఆఫ్రికాలోని లుసాకా నగరపు సంతలనూ పోల్చి చూడటం నా పని. చదివింది చరిత్ర, గణాంకాలు మాత్రం పాత పుస్తకాలు కొనుక్కుని నాకు నేనే నేర్చుకున్నాను. లుసాకాలో టమాటాలు కొంటే కుప్ప మీద ఇంకొకటి వేస్తారు, మన కొసరు లాగే. అక్కడే మరొకటి గమనించాను. ఒకే బల్ల దగ్గర పొద్దున ఒకామె, మధ్యాహ్నం నుంచి ఇంకొకామె. తిరిగి వచ్చాక పేటలో పట్టాలను వదిలేసి మనుషులను లెక్కపెట్టాను. చీకటి పడేదాకా నిలబడితే, ఆ ముప్పయ్యేడు పట్టాల మీద అరవై ఒక్కరు తేలారు.

పట్టాలు లేపెయ్యక ముందే ఒకరోజు, కొత్త మార్కెట్‌లో కొట్లు ఇస్తామని కాంట్రాక్టు మనుషులు పొద్దున పదింటికి వచ్చారు. అప్పుడు పట్టా మీద కూర్చున్నవాళ్ళకు టోకెన్లు ఇచ్చి వెళ్ళిపోయారు. ఒక పట్టా ఇద్దరు తోడికోడళ్ళది. పొద్దున పెద్దామె ఆకుకూరలు అమ్మేది, మధ్యాహ్నం నుంచి చిన్నామె నిమ్మకాయలు. టోకెన్ పెద్దామెకు వచ్చింది. టోకెన్ ఉన్న మనిషే కొట్లో కూర్చోవాలన్నారు.

చిన్నామె కాలేజీకి వచ్చింది.

“సారూ, మీ కాయితాల్లో నన్ను రాసుకున్నారుగా. అది సూపిచ్చండి, నాకూ కొట్టిస్తారు.”

“పేరు రాయలేదమ్మా. మా పనిలో పేర్లు రాయకూడదు. ఇరవై రెండో పట్టా మీద రెండో మనిషివి కదా, నిన్ను ఇరవై రెండు బి అని రాశాను.”

“ఏందీ, నేనేమన్నా బస్సునా నంబరెయ్యటానికి?” అని నవ్వింది. నవ్వు ఆగాక, “మరి నా పేరు ఎవురు రాసినట్టు?” అంది.

ఆ కాగితాలు పట్టుకుని ఆమెతో పాటు టోకెన్లిచ్చిన ఆఫీసుకు వెళ్ళాను. గుమాస్తా వేలు పెట్టి వరస వరసా చూశాడు.

“ఇందులో ఈవిడ యాడుందండీ? అన్నీ అంకెలేగా!”

కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

బయటికి వచ్చాక ఆమె, “మీరు పోయొచ్చిన దేశంలో గూడా ఒక్క చోట ఇద్దరు కూకుంటారన్నారుగా. ఆళ్ళకన్నా పేర్లు రాయండి సారూ” అంది. తల ఊపాను. ఆమె బస్సెక్కింది.

ఇప్పుడామె మిరపకాయల కోతకు కూలికి పోతోంది. పెద్దామె కొట్టు మధ్యాహ్నం నుంచి మూసే ఉంటుంది. నా వ్యాసం అచ్చయింది. అందులో ఇరవై రెండు బి రెండో పట్టికలో ఉంది. కూడికలు మళ్ళీ సరిచూశాను, తప్పేమీ లేదు.

ముప్పయ్యేడు కొట్లు ఇచ్చారు. ఈరోజుకి ఇంకా ఇవ్వాల్సినవి ఇరవై నాలుగు.