చిక్కుడు పాదులకు చేపనీళ్ళు

నిమ్‌పురాలో మా రైల్వే క్వార్టర్ వెనక అమ్మ వేసిన చిక్కుడు పాదులు పూతకు రాకముందే పసుపెక్కిపోతున్నాయి. అవి అమ్మమ్మ ఊరి గింజలు. అమ్మమ్మ పోయాక మిగిలినవన్నీ అమ్మ ఈ ఏడే నాటేసింది. ఇవి కాయకపోతే ఆ చిక్కుడు ఇక మాకు లేనట్టే. ఆ దిగులుతో అమ్మకు అన్నం కూడా సయించడం లేదు.

నాది మొక్కల చదువు. ఒక పాదు పీకి వేళ్ళు చూస్తానన్నాను.

"పేణమున్న మొక్కని పీకీస్తావా? సంపడానికా నిన్ను సదివించినాం?" అమ్మ అడ్డం నిలబడింది.

"పీకి సూడకపోతే అన్నీ పోతాయమ్మా!" నేనూ అరిచాను. మా ఇద్దరికీ కోపం ముక్కు మీదే ఉంటుంది. సర్దిచెప్పే నాన్న ఇంజన్ల షెడ్డులో డ్యూటీకి వెళ్ళాడు. చివరికి బాగా వాడిన పాదొకటి చూపించి అమ్మ మొహం తిప్పుకుంది.

చిక్కుడు వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిలో కాపురముండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు తిండిగా మారుస్తాయి. కోస్తే లోపల గులాబీ రంగు కనబడాలి. గింజ పట్టే వేళకు బుడిపె ముసలిదై, ఆ రంగు ఆకుపచ్చకు తిరగడం మామూలే. కానీ నేను బ్లేడుతో కోసినవన్నీ ఇప్పుడే ఆకుపచ్చగా ఉన్నాయి. కొన్ని వేలు తగలగానే చితికిపోయాయి.

మట్టి ఎండినచోట తెల్లటి పొర కట్టింది. వాసన చూస్తే ఎండుచేపల కంపు.

"ఈటికి ఏటి పోస్తన్నావమ్మా?"

"సేపలు కడిగిన నీళ్ళు. మీ అమ్మమ్మ అయ్యే పోసీది. పందిరి ఇరిగిపోయేలాగ కాసీది."

అమ్మమ్మ కడిగినవి అప్పుడే ఒడ్డుకొచ్చిన పచ్చిచేపలు. మా ఇంట్లో కడిగేవి చుట్టాలు రైల్లో తెచ్చే ఉప్పుచేపలు. అవంటే మాకు ప్రాణం. ఆ ఉప్పంతా రోజూ వేళ్ళలోకి దిగి, బుడిపెలకు లేతప్రాయంలోనే ముసలితనం తెచ్చింది. ఈ మాట అమ్మతో ఎలా అనను? పురుగు పట్టింది, మలంచా బజారులో ఎరువుల కొట్టు బెంగాలీ దాదాని మందడుగుదాం అని అబద్ధమాడాలనిపించింది. కానీ దాచిపెడితే సాయంత్రం మళ్ళీ పోస్తుంది. చెప్పేశాను.

అమ్మ గుమ్మంలో కూలబడింది. ఉప్పు కిందికి దిగిపోవాలని నేను పాదుపాదుకూ బకెట్లతో మంచినీళ్ళు పోసుకుంటూ వెళ్ళాను. చచ్చిన బుడిపెలు మళ్ళీ బతకవు, కొత్తవి పుట్టాల్సిందే. ఆ ఆకులు చూస్తే అంత ఓపిక ఉన్నట్టు లేదు. గోడవార చివరి పాదు మాత్రం నిగనిగలాడుతోంది.

"దీనికి పొయ్యలేదా అమ్మా?"

అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మోకాళ్ళ నొప్పి కదే, అంతదూరం మొయ్యలేకపోనాను. దానికొక్కదానికే అన్యాయం సేసినానని రోజూ ఏడిసినాను."