పాలపిట్టల మాస్టారు

చీపురుపల్లి సైన్సు మాస్టారు జానకిరామయ్య నడిచేటప్పుడు నేల చూడరు. గొడుగు చంకలో ఇరికించుకుని, మెడ వెనక్కి వాల్చి, టెలిగ్రాఫు తీగల వెంట చూస్తూ పోతారు. కుడికాలి బొటనవేలికి ఎప్పుడూ ఏదో దెబ్బ. "ఏటి మాస్టారూ, తీగలమీద బట్టలారేసినారా?" అని టీ దుకాణం నరసింగరావు వేళాకోళం చేస్తే సిగ్గుపడి నవ్వుతారు. ఆయన వెతికేది పాలపిట్టను. జిల్లాలో పాలపిట్టలు తగ్గాయా, వాటిని పట్టడం మాన్పించాలా అని అటవీశాఖవారు నిరుడు ఆయన్ని అడిగారు. తీగలమీద ఆ పిట్ట కనిపించడం అరుదైపోయింది. అయినా ఆయన తన కళ్లకన్నా ఊళ్ల మాటే నమ్మారు. దసరానాడు పాలపిట్టను చూడనిదే ఎవరికీ పండగ అయినట్టుండదు కదా! ఊరూరా తిరిగి అడిగితే, "సూసినాం మాస్టారూ, సూడకేటి!" అన్నారందరూ. పిట్టలకు కొదవలేదని మాస్టారు అటవీశాఖకు చెప్పేశారు.

ఈ యేడు, 1968 దసరాకీ ఊళ్లన్నీ అదే మాట అన్నాయి. సాయంత్రం మాస్టారు తిరిగి వస్తుంటే, పిట్టలు పట్టే దాలమ్మ రోడ్డు పక్కన బుట్టమీది గుడ్డ తొలగించి జనానికి చూపిస్తోంది. లోపల కాలికి దారం కట్టిన పాలపిట్ట. తోక ఈకలు సగం ఊడిపోయి, ముక్కు తెరిచి రొప్పుతోంది.

"పై ఊళ్లలో చూపించింది కూడా దీన్నేనా, అమ్మా?" అన్నారు మాస్టారు.

"దీన్నే బాబూ. పొద్దున్నించి ఊరూరా తిప్పుతన్నాను. ఇంకోటి దొరికితే కదా!"

"మరి నిరుడు?"

"నిరుడు రెండుండీవి. దండమెట్టుకో బాబూ, సీకటడిపోతంది."

మాస్టారు చేతులు జోడించారు. ఆ పూట ఇంటిదాకా ఆయన తల ఎత్తలేదు.