మా గల్లీ ఒక దగ్గుకు భయపడిన రోజు

సర్వపిండి కాలే వాసన ఎక్కడ తగిలినా నాకు సూరత్ శివారు భేస్తాన్‌లోని మా గల్లీయే గుర్తుకొస్తుంది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లాకు కలిపి, గిన్నె అడుగున ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి నూనె పోసేది రాజవ్వ పెద్దమ్మ. వానాకాలం సాయంత్రాలు గల్లీ పిల్లలమంతా తెలుగూ హిందీ గుజరాతీ కలగలిపి కొట్లాడుకుంటూ ఆమె ఇంటి ముందే కూర్చునేవాళ్లం. ఆమె పెనిమిటి మల్లయ్య పెద్దబాపు జగిత్యాల వైపు నుంచి వచ్చి, సాంచాలనే మరమగ్గాల మీద బట్ట నేస్తూనే ముసలివాడైన మనిషి. దారాల దుమ్ము మింగీ మింగీ ఆయనకు ఎప్పుడూ దగ్గే. ఆ దగ్గు వింటేనే ఆయన డ్యూటీ దిగి వస్తున్నాడని మాకు తెలిసేది.

లాక్‌డౌన్ వచ్చి సాంచాలు ఆగిపోయాయి. రేకుల గదుల్లో ఉక్కపోత, పనిలేని మనుషులు, చేతుల్లో ఫోన్లు. ఎవరు పోయారో, ఎక్కడ శవాలు పేరుకున్నాయో, నిజమూ అబద్ధమూ అన్నీ మా గల్లీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చి పడేవి. ఒక పొద్దున ఎవరో ఆడమనిషి ఏడుస్తూ పంపిన వాయిస్ మెసేజ్ వచ్చింది: "మల్లయ్యకు కరోనా అచ్చింది, దాస్తున్నరు. మన పిల్లలు సచ్చిపోతరు!" ఆ మాటకన్నా ఆ ఏడుపే అందరినీ పట్టుకుంది. మధ్యాహ్నానికల్లా పక్క గల్లీల మగవాళ్లు కూడా ఆ ఇంటి ముందు గుమిగూడారు. ఆయన చేతి కింద పని నేర్చుకున్నవాళ్లే ఇల్లు ఖాళీ చెయ్యమని కట్టెలు పట్టుకున్నారు.

"గది సాంచాల దగ్గురా! ఇయ్యాల కొత్తగ వింటున్నరా ఏంది?" అని మా బాపు అడ్డం పడ్డాడు.

"నువ్వు గూడ పోతవా ఆయనెంబడి?" అని గుంపులోంచి అరిచారు. అమ్మ బాపును చెయ్యి పట్టి లోపలికి లాగేసింది.

మల్లయ్య పెద్దబాపు రాజవ్వ పెద్దమ్మతో బయటికి వచ్చాడు. మూట ఎత్తుకుని, "జర జరుగుండ్రి బిడ్డా, నా దగ్గు మీకు తాకుతది" అని దారి అడిగాడు. ఇద్దరూ సొంతూరి దారి పట్టి పల్సానా వైపు నడిచిపోయారు. ఆ ఎండలో, రోడ్డు మీదే ఆయన పడిపోయి ప్రాణం వదిలాడు. తర్వాత పరీక్షలో కరోనా లేదని తేలింది.

ఆ కబురు రాగానే అదే గ్రూపు ఏడుపుతో నిండిపోయింది. కట్టెలు పట్టినవాళ్లూ దండం పెట్టే చేతుల బొమ్మలు పంపారు, ఆడవాళ్లు గల్లీలోకి వచ్చి శోకాలు పెట్టారు. వాళ్ల దుఃఖం అబద్ధమని నేను ఇప్పటికీ అనలేను. అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ఇప్పుడు ఆ గల్లీలో బతుకమ్మ ఆడరు. చాలామంది జోల్వా వైపు మారిపోయారు. ఎదురుపడినా ఆ రోజు మాట ఎత్తరు. రాజవ్వ పెద్దమ్మ మళ్లీ సూరత్ రాలేదు. పోయిన నెల నేను ఫోన్ చేస్తే ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగింది. అందరూ బాగున్నారని చెప్పాను.

"మంచిగుండనియ్యి బిడ్డా" అంది. ఆ వెంటనే, "నాకు మాత్రం ఎవ్వలు ఫోన్ చెయ్యొద్దని చెప్పు" అంది.