తడి ఆరని లారీ

నకిరేకల్‌లో మా దుకాణం పక్కనే లారీలకు నంబర్లు రాసే అన్న ఉండేవాడు. తీరిక దొరికితే జానెడు లారీ బొమ్మలు చేసేవాడు. చివర్లో ఎయిర్‌బ్రష్‌తో రంగులేని మెరుపు వార్నిష్ కొట్టేటప్పుడు తడి పూతకు దుమ్ము అంటకుండా ఫ్యాన్ ఆపి, "జర ఊపిరి ఆపుండ్రి" అనేవాడు. పక్కన పెట్టుకున్న ప్లాస్టిక్ చెంచాకూ అదే పూత కొట్టేవాడు. ఆరిందో లేదో చెంచాను ముట్టి చూడాలి, బొమ్మను కాదు. ఓసారి ముట్టబోతే నా చేతిమీద స్కేలుతో ఒకటి వేశాడు.

ఒకరోజు ఒక అవ్వ వచ్చింది. యాక్సిడెంట్‌లో పోయిన కొడుకు నడిపిన లారీలాంటిదే చేయమని ముందే అడిగిపోయింది ఆమే. ఆ బొమ్మ మీద వార్నిష్ ఇంకా పచ్చిగానే ఉంది. అవ్వ చెయ్యి డ్రైవర్ తలుపు వైపు పోయింది. అన్న ఇప్పుడు అరుస్తాడని బిగుసుకుపోయాను. అతను అరవలేదు.

"గీ తలుపు మీదనే చెయ్యి ఏసి కూసునేటోడు, బిడ్డా," అంటూ అవ్వ ముట్టనే ముట్టింది. తలుపు మీద వేలిముద్ర పడింది.

ఆమె అటు పోయి కూర్చున్నాక, "రుద్ది తీసేస్తవా అన్నా?" అని మెల్లగా అడిగాను.

అన్న చాలాసేపటికి చెంచాను ముట్టి చూశాడు. ఆరింది.

"జర ఊపిరి ఆపు," అని, ఆ వేలిముద్ర మీదుగానే ఇంకో పూత కొట్టాడు.